హైదరాబాద్ నగర పోలీసు: ప్రత్యేక విభాగాలు, జనంతో అనుబంధం

హైదరాబాద్ నగర పోలీసు కమిషనరేట్ తెలంగాణ రాజధానిలో శాంతిభద్రతలు, నేర పరిశోధన, ట్రాఫిక్, నిఘా బాధ్యతలు చూసే వ్యవస్థ. దీని పుట్టుక 1847లో జరిగినట్లు అధికారికంగా చెబుతారు. నిజాం కాలపు నగర పోలీసు వ్యవస్థ అయిన కొత్వాలీకి ఇది వారసురాలు. జిల్లాల్లో మాదిరిగా ఇక్కడ ఎస్పీ ఉండరు, అధికారం కమిషనర్ చేతిలో ఉంటుంది. టాస్క్‌ఫోర్స్, సెంట్రల్ క్రైమ్ స్టేషన్, సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్, షీ టీమ్స్, మాదకద్రవ్యాల నిరోధక విభాగం వంటి ప్రత్యేక దళాలు కాలక్రమంలో ఒక్కొక్కటిగా ఏర్పడ్డాయి. వీటిలో చాలావాటి వెనుక నగరానికి తగిలిన ఏదో ఒక దెబ్బ ఉంది. ఆ దెబ్బ ఏమిటో తెలిస్తేనే ఆ విభాగం ఎందుకు అలా పనిచేస్తుందో అర్థమవుతుంది.

కొత్వాలీ నుంచి కమిషనరేట్ దాకా

మొదటి సాలార్‌జంగ్ 1865 ప్రాంతంలో పరిపాలనను సంస్కరించి జిల్లాలకు పోలీసు వ్యవస్థను ఏర్పరచినప్పుడు కూడా రాజధాని నగరపు కొత్వాలీ వేరుగానే కొనసాగింది. నగర కొత్వాల్ పదవికి ఉన్న బరువు అంతా ఇంతా కాదు. దొంగలను పట్టడం దగ్గర్నుంచి ఊరేగింపుల దాకా ఊళ్లో జరిగే ప్రతి కదలిక ఆయన చెవిన పడాల్సిందే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఈ పదవిలో ఉన్నవారిలో తెలుగువాళ్లు ఇప్పటికీ తలుచుకునే పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. వనపర్తి సంస్థాన ప్రాంతంలో పుట్టిన ఆయన 1920 నుంచి 1934 వరకు నగర కొత్వాల్‌గా పనిచేశారు. నిజాం పాలనలో ఆ పదవి దక్కిన మొదటి హిందువు ఆయనే. జిల్లాల నుంచి చదువుకోసం వచ్చే పిల్లల కోసం 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకున్నారు. తెలంగాణ పోలీసు అకాడమీకి, నారాయణగూడలోని మహిళా కళాశాలకు ఆయన పేరే ఉంది. పోలీసు అధికారి విద్యాసంస్థల ద్వారా కూడా ఊరికి గుర్తుండిపోవచ్చని ఆయన జీవితం చూపించింది.

నగర పోలీసుకు చట్టబద్ధమైన ఆధారం 1348 ఫస్లీ నాటి హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్. ఇది దాదాపు 1939 నాటి చట్టం. నేటికీ అమల్లో ఉంది. రోడ్డు మీద అల్లరి చేసినవాళ్లపై పెట్టే చిన్న కేసుల నుంచి, పాత నేరస్తులను నగరం నుంచి బహిష్కరించడం వరకు దీని కిందే జరుగుతాయి. జిల్లాల్లో కలెక్టరుకు, ఆర్డీవోకు ఉండే కొన్ని మెజిస్ట్రేటు అధికారాలు ఇక్కడ కమిషనర్‌కు ఉంటాయి. సభల మీద ఆంక్షలు పెట్టాలన్నా, ఊరేగింపుకు అనుమతి ఇవ్వాలన్నా ఆయన సంతకమే చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, విజయవాడలకు ఈ కమిషనరేట్ పద్ధతి 1983లో వచ్చింది.

కమిషనర్ కార్యాలయం చాలాకాలం పాతబస్తీలోని పురానీ హవేలీలో ఉండేది. తర్వాత బషీర్‌బాగ్‌కు, 2022లో బంజారాహిల్స్‌లో కట్టిన కమాండ్ కంట్రోల్ సెంటర్‌కు మారింది. ఊరు పెరిగినకొద్దీ శివార్లు వేరుపడ్డాయి. ఐటీ సంస్థలున్న పడమటి ప్రాంతానికి ఈ శతాబ్దం మొదట్లో సైబరాబాద్ కమిషనరేట్, తూర్పు ప్రాంతానికి 2016లో రాచకొండ కమిషనరేట్ ఏర్పడ్డాయి. ఆ తర్వాత కూడా సరిహద్దులు మారుతూనే ఉన్నాయి.

ఠాణా

ప్రత్యేక విభాగాల గురించి ఎంత చెప్పుకున్నా నగర పోలీసుకు పునాది ఠాణాయే. నగరాన్ని జోన్లుగా, డివిజన్లుగా, ఠాణాలుగా విభజించారు. జోన్‌కు డీసీపీ, డివిజన్‌కు ఏసీపీ, ఠాణాకు ఇన్‌స్పెక్టర్ బాధ్యులు. ఠాణా లోపల కూడా పని విభజన ఉంటుంది. ముందు గదిలో రిసెప్షన్, ఒకరికి స్టేషన్ రైటర్ పని, మరొకరికి కోర్టు డ్యూటీ, క్రైమ్ సిబ్బందికి పాత నేరస్తుల మీద కన్ను, మోటారు సైకిళ్ల మీద తిరిగే బ్లూకోల్ట్స్ జంటలకు గల్లీ గస్తీ. 100కు గాని 112కు గాని ఫోన్ వస్తే ముందుగా చేరేది ఈ బ్లూకోల్ట్స్ లేదా పెట్రోకార్. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం నగర పోలీసుకు కొత్త ఇన్నోవా వాహనాలు కొనిచ్చింది. ఫోన్ చేసినచోటికి నిమిషాల్లో చేరాలన్న పట్టుదల అప్పటి నుంచే బలపడింది.

దేశంలోని ఉత్తమ పోలీస్ స్టేషన్ల ఎంపికలో 2017 సంవత్సరానికి పంజాగుట్ట ఠాణాకు రెండో స్థానం వచ్చింది. 2021 మార్చి 8న లాలాగూడ ఠాణాకు ఒక మహిళా ఇన్‌స్పెక్టర్ బాధ్యురాలయ్యారు. నగరంలో శాంతిభద్రతల ఠాణాకు మహిళ అధిపతి కావడం అదే మొదలు. 1847 నుంచి లెక్కిస్తే అంత చిన్న మార్పుకు 174 ఏళ్లు పట్టింది.

నేర పరిశోధన విభాగాలు

కమిషనర్స్ టాస్క్‌ఫోర్స్ పేరు వినని హైదరాబాదీ ఉండడు. ఇది ఠాణా కాదు, కేసు నమోదు చేయదు. మఫ్టీలో తిరుగుతూ, ఇన్ఫార్మర్ల మాట విని, ఫోన్ రికార్డులు జల్లెడ పట్టి నిందితుణ్ని పట్టుకుంటుంది. సరుకుతో సహా సంబంధిత ఠాణాకు అప్పగించి అక్కడితో తప్పుకుంటుంది. ఠాణా సరిహద్దులు దాటి నగరమంతా తిరిగే వెసులుబాటే దీని బలం. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసరు, చెంచా మాయమయ్యాయి. దొంగలు వెంటిలేటర్ గుండా లోపలికి దిగారు. సీసీ కెమెరాల దృశ్యాలను ఒకదానికొకటి ముడివేసుకుంటూ వెళ్లి, కొద్ది రోజుల్లోనే ఇద్దరిని పట్టుకుని వస్తువులను తిరిగి తెచ్చారు. ఆ దర్యాప్తు టాస్క్‌ఫోర్స్ పనితీరుకు మంచి ఉదాహరణ.

సెంట్రల్ క్రైమ్ స్టేషన్ తీరు వేరు. దీన్ని సీసీఎస్ అంటారు. ఇది సొంతంగా ఎఫ్ఐఆర్ రాసే ఠాణా. చిట్టీల పేరుతో, ప్రీలాంచ్ ఫ్లాట్ల పేరుతో, ఉద్యోగాల పేరుతో జరిగే పెద్ద మొత్తాల మోసాలు దీనికి వస్తాయి. ఇక్కడి పని ఎక్కువగా కాగితాలతో, బ్యాంకు ఖాతాలతో సాగుతుంది. ఒక్కో కేసుకు ఏళ్లు పడతాయి. డబ్బు పోగొట్టుకున్న రిటైర్డ్ ఉద్యోగి, పెళ్లి కోసం దాచింది చిట్టీలో పోసిన తల్లి సీసీఎస్ మెట్లెక్కి దిగుతూ ఉంటారు. వాళ్ల సొమ్ము తిరిగి రావడం అరుదు. చట్టంలో ఆస్తుల జప్తుకు దారి ఉన్నా అది నడిచే వేగం బాధితుల వయసుకు సరిపోదు.

నేరస్థలికి ముందుగా చేరి ఆధారాలు సేకరించేది క్లూస్ టీమ్. వేలిముద్రలు, పాదముద్రలు, రక్తపు మరకలు, వెంట్రుకలు సేకరించి సీలు వేసి రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ప్రయోగశాలకు పంపుతారు. పరికరాలు ఎన్ని వచ్చినా వీళ్ల పనిని చెడగొట్టేది గుమిగూడిన జనమే. అందుకే మొదట వచ్చిన కానిస్టేబుల్ ఆ చోటును ఎంత జాగ్రత్తగా కాపాడాడన్న దాని మీద కేసు సగం ఆధారపడి ఉంటుంది.

గత పదేళ్లలో అన్నిటికన్నా వేగంగా పని పెరిగింది సైబర్ క్రైమ్ విభాగానికి. ఓటీపీ మోసాలు, నకిలీ పెట్టుబడి యాప్‌లు, వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసి బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’లు నగరంలోని చదువుకున్న కుటుంబాలనే ఎక్కువగా దెబ్బతీశాయి. పోయిన డబ్బు గంటల్లోనే అద్దె ఖాతాల గుండా నాలుగైదు రాష్ట్రాలు దాటిపోతుంది. మొదటి గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. సిగ్గుతో ఒక రాత్రి ఊరుకుంటే అది చేయి దాటిపోతుంది. భారతీయ చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదన్న మాట ప్రతి ఇంట్లోని పెద్దవాళ్లకూ తెలియాలి.

మాదకద్రవ్యాల మీద 2022లో ఏర్పడిన విభాగాన్ని హెచ్-న్యూ అంటారు. గంజాయితో మొదలై కృత్రిమ మత్తుమందుల దాకా వ్యాపించిన రవాణాను పట్టడం, సరఫరాదారుల గొలుసును గోవా, ముంబై, బెంగళూరుల దాకా వెతుక్కుంటూ వెళ్లడం దీని పని. మరుసటి ఏడాది రాష్ట్రవ్యాప్తంగా ప్రత్యేక బ్యూరో ఏర్పడింది.

స్పెషల్ బ్రాంచ్ పేరు వినగానే రహస్య నిఘా గుర్తొస్తుంది. ఊరేగింపుల ముందస్తు సమాచారం, విదేశీయుల నమోదు దీని పనులే. మామూలు కుటుంబానికి మాత్రం ఇది తెలిసేది పాస్‌పోర్టు విచారణతోనే. ఒకప్పుడు వారాల తరబడి ఠాణా చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు సిబ్బంది ట్యాబ్‌తో ఇంటికి వచ్చి అక్కడికక్కడే వివరాలు నమోదు చేస్తున్నారు. అమెరికాకో గల్ఫ్‌కో పిల్లలను పంపే తెలుగు ఇళ్లకు ఇది మంచి మేలు.

గ్రేహౌండ్స్, ఆక్టోపస్ నగర పోలీసు దళాలు కావు, రాష్ట్ర స్థాయివి. కాని వాటి కథలో నగరం ఉంది. నక్సల్ వ్యతిరేక దళమైన గ్రేహౌండ్స్‌ను 1989లో తీర్చిదిద్దిన కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరి 27న నక్సలైట్లు కాల్చిచంపింది హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలోనే. 2007 మే 18న మక్కా మసీదులో, అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో బాంబులు పేలాయి. ఒక్క ఆగస్టు పేలుళ్లలోనే 40 మందికి పైగా చనిపోయారు. ఆ నేపథ్యంలోనే ఉగ్రవాద నిరోధక దళంగా ఆక్టోపస్ వచ్చింది.

మహిళలు, పిల్లలు

2014 అక్టోబరు 24న మొదలైన షీ టీమ్స్ నగర పోలీసు నుంచి బయటి రాష్ట్రాలు కూడా ఆసక్తిగా గమనించిన ప్రయోగం. ఐపీఎస్ అధికారి స్వాతి లక్రా దీన్ని నడిపించారు. బస్‌స్టాపులు, కాలేజీల ముందు, మార్కెట్లలో చిన్న బృందాలు మామూలు బట్టల్లో నిలబడతాయి. వేధించినవాణ్ని కెమెరాలో చిత్రీకరించి ఆధారంతో సహా పట్టుకుంటాయి. ఫిర్యాదు చేసిన అమ్మాయి ఠాణాకు రానక్కరలేదు, పేరు బయటపడదు. వాట్సాప్ సందేశం చాలు. ఈ ఒక్క ఏర్పాటే దీని విజయానికి మూలం. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయంతో నోరు విప్పని ఆడపిల్లలకు అది దారి చూపింది. దొరికినవాడు మైనరైనా, మొదటి తప్పైనా తల్లిదండ్రులను పిలిపించి వాళ్ల ముందే కౌన్సెలింగ్ ఇస్తారు. తీవ్రమైతే క్రిమినల్ కేసు పెడతారు. బోనాల జాతరలో, వినాయక నిమజ్జనంలో, నుమాయిష్‌లో ఈ బృందాలు జనంలో కలిసి తిరుగుతాయి. 2015లో ఇవి రాష్ట్రమంతా విస్తరించాయి.

లైంగిక హింసకు గురైన స్త్రీలు, పిల్లల కోసం 2016 మేలో భరోసా కేంద్రం మొదలైంది. అంతకుముందు బాధితురాలు జరిగినదాన్ని ఠాణాలో ఒకసారి, ఆసుపత్రిలో ఒకసారి, మెజిస్ట్రేటు ముందు మరోసారి చెప్పుకోవాల్సి వచ్చేది. భరోసాలో వైద్య పరీక్ష, మానసిక సాంత్వన, వాంగ్మూలం, న్యాయ సహాయం ఒకే చోట దొరుకుతాయి. నగర పోలీసు చేసిన మార్పుల్లో అత్యంత మానవీయమైనది ఇదేనని చెప్పవచ్చు.

పిల్లల విషయంలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో గాలింపు జరుగుతుంది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి 200 మందికి పైగా పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవాళ్లు. గాలి ఆడని గదుల్లో తెల్లవారింది మొదలు రాత్రిదాకా లక్క గాజులకు రాళ్లు అద్దేవారు. చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో మెరిసే గాజుల వెనుక ఆ చిన్న చేతులున్నాయని నగరం అప్పుడే కళ్లారా చూసింది. 2017 సెప్టెంబరులో పాతబస్తీ బాలికలను ‘కాంట్రాక్టు పెళ్లి’ పేరుతో కొనుక్కోవడానికి ఒమన్, ఖతార్‌ల నుంచి వచ్చిన ఎనిమిది మందిని, వాళ్లకు తోడ్పడిన ఖాజీలను, దళారులను దక్షిణ మండల పోలీసులు అరెస్టు చేశారు.

సాయుధ దళం, ట్రాఫిక్

సిటీ ఆర్మ్‌డ్ రిజర్వ్‌కు కేంద్రం పేట్లబుర్జు. బందోబస్తు, ఖైదీల తరలింపు, ప్రముఖుల భద్రత దీని పనులు. బాంబు నిర్వీర్య బృందాలు, జాగిలాలు, గుర్రాల దళం ఇదే కోవలోకి వస్తాయి. కిక్కిరిసిన జనంలో నేలమీది కానిస్టేబుల్‌కు కనిపించనిది గుర్రం మీదివాడికి కనిపిస్తుంది. అందుకే నిజాం నాటి ఈ అశ్వదళాన్ని ఇప్పటికీ కొనసాగిస్తున్నారు.

ట్రాఫిక్ విభాగంలో దినభత్యం మీద పనిచేసే హోంగార్డులే చాలా చౌరస్తాల్లో కనిపిస్తారు. ఎండకూ పొగకూ రోజంతా నిలబడే ఆ ఉద్యోగానికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు. తాగి బండి నడిపేవారి మీద 2011 నుంచి ప్రత్యేక తనిఖీలు నడుస్తున్నాయి. పట్టుబడినవారికి ట్రాఫిక్ శిక్షణ సంస్థల్లో కౌన్సెలింగ్ ఉంటుంది, ఆపై కోర్టు, కొందరికి జైలు. అవయవదానం జరిగినప్పుడు గుండెనో ఊపిరితిత్తులనో తీసుకెళ్లే అంబులెన్సుకు సిగ్నళ్లన్నీ తెరిచి గ్రీన్ చానెల్ ఇచ్చేది ట్రాఫిక్ సిబ్బందే. 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు శిక్షణ పూర్తిచేసుకుని ట్రాఫిక్ సహాయకులుగా చేరారు. సిగ్నళ్ల దగ్గర చేయి చాచాల్సి వచ్చిన సమూహం అదే సిగ్నళ్ల దగ్గర యూనిఫాంతో నిలబడింది.

పండుగలు, ఊరేగింపులు

హైదరాబాద్ పోలీసుకు అసలు పరీక్ష పండుగల్లోనే. బాలాపూర్ నుంచి బయలుదేరే వినాయక శోభాయాత్ర చాంద్రాయణగుట్ట, చార్మినార్, మొజంజాహీ మార్కెట్ మీదుగా హుస్సేన్‌సాగర్ చేరుతుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురా బీబీకా అలావా నుంచి ఏనుగు మీద బీబీకా ఆలం అనే పవిత్ర చిహ్నం చాదర్‌ఘాట్ దాకా వెళ్తుంది. దారిలో పోలీసు కమిషనర్ ఆలంకు దట్టీ (వస్త్రం) సమర్పించడం ఆనవాయితీ. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని బోనాలు, రంజాన్ నెలంతా రాత్రి బజార్లు, మిలాద్ ఊరేగింపు, హనుమాన్ శోభాయాత్ర ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీటిలో చాలావాటికి దారులు కలుస్తాయి.

1990 డిసెంబరు అల్లర్లలో వంద మందికి పైగా ప్రాణాలు పోయాయి. రోజుల తరబడి కర్ఫ్యూలో పాలు, మందులు దొరకని ఇళ్ల జ్ఞాపకాలు పాతబస్తీలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. 2010 మార్చిలోనూ కర్ఫ్యూ తప్పలేదు. ఈ అనుభవాల నుంచే మొహల్లా శాంతి కమిటీలకు, ఉమ్మడి రాష్ట్ర కాలపు మైత్రీ సంఘాలకు ప్రాధాన్యం పెరిగింది. పండుగకు నెలముందే ఇన్‌స్పెక్టర్ గుడి కమిటీనీ మసీదు కమిటీనీ ఒకేచోట కూర్చోబెడతాడు. ఏ మలుపులో డీజే ఆపాలి, నమాజు వేళకు ఊరేగింపు ఎక్కడుండాలి, విగ్రహం ఎత్తుకు కరెంటు తీగ అడ్డొస్తుందా అన్నవి అక్కడే తేలతాయి. మండపాల నిర్వాహకులు ఆన్‌లైన్‌లో వివరాలు ఇస్తారు. ఒక్కో విగ్రహానికి నంబరు వేసి, అది ఉన్నచోటును జియోట్యాగ్ చేస్తారు.

2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజున వచ్చాయి. ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. రెండూ ప్రశాంతంగా జరిగాయి. ఎంత పెద్ద బలగాన్ని దించినా రాని ప్రశాంతత ఆ ఒక్క నిర్ణయంతో వచ్చింది. ఆ ఘనత మొదట ఆ పెద్దలది, తర్వాత వాళ్లతో ఏళ్లుగా మాటామంతీ నిలుపుకున్న ఠాణా అధికారులది.

కెమెరాలు, అనుమానాలు

ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం దుకాణాలు, మాల్స్, జనం గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవడాన్ని తప్పనిసరి చేసింది. ‘నేను సైతం’ పేరుతో కాలనీవాసులే చందాలు వేసుకుని కెమెరాలు పెట్టించి పోలీసు వ్యవస్థకు అనుసంధానం చేశారు. గొలుసు దొంగతనాల దర్యాప్తులో వీటి మేలు కాదనలేనిది. కాని ముఖాలను గుర్తుపట్టే సాంకేతికత ప్రశ్నలు తెచ్చింది. లాక్‌డౌన్ వేళ రోడ్డు మీద తనను ఆపి ఫొటో తీశారంటూ ఒక సామాజిక కార్యకర్త హైకోర్టును ఆశ్రయించారు. 2021లో గంజాయి తనిఖీల పేరుతో పోలీసులు దారినపోయేవారి ఫోన్లలో సందేశాలు చూసిన ఘటనలూ, అర్ధరాత్రి బస్తీలను చుట్టుముట్టి చేసే కార్డన్ సెర్చ్‌లూ విమర్శలకు గురయ్యాయి. ఇలాంటి తనిఖీలు పేదల బస్తీల్లో జరిగినట్లు సంపన్నుల కాలనీల్లో జరగవన్న ఆక్షేపణకు సరైన జవాబు రాలేదు.

అంతకన్నా లోతైన గాయాలూ ఉన్నాయి. 1978లో నల్లకుంట ఠాణాలో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని భగ్గుమనిపించాయి. దానిపై విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. రాయచూరుకు బదిలీ అయిన కేసులో మాత్రం నిందితులు విడుదలయ్యారు. 2007 పేలుళ్ల తర్వాత ఎందరో ముస్లిం యువకులను నిర్బంధించారు. వాళ్లలో చాలామంది కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. 2012లో ప్రభుత్వం కొందరికి పరిహారం ఇచ్చింది, దాన్ని మరుసటి ఏడాది హైకోర్టు కొట్టేసింది. 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు నగర కమిషనర్ జారీచేసిన ఒక ముందస్తు నిర్బంధ ఉత్తర్వును రద్దుచేస్తూ, రాష్ట్రంలో ముందస్తు నిర్బంధానికి వీలిచ్చే పీడీ యాక్టును అలవోకగా వాడుతున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. షీ టీమ్స్, భరోసా సంపాదించిన నమ్మకాన్ని ఎంత గట్టిగా చెప్పాలో వీటినీ అంతే గట్టిగా చెప్పాలి. ఆ నమ్మకం లేనిచోట కెమెరా ఉన్నా సాక్షి ఉండడు.

ఫిర్యాదీ హక్కులు

2019 నవంబరులో నగర శివారులో ఒక యువ వైద్యురాలి హత్య జరిగిన రాత్రి, ఆమె కుటుంబాన్ని తమ పరిధి కాదంటూ ఠాణా నుంచి ఠాణాకు తిప్పారన్న ఆరోపణ దేశాన్ని కదిలించింది. కేసు నమోదులో ఆలస్యానికి సిబ్బంది సస్పెండయ్యారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ విషయంలో సందేహానికి తావివ్వదు. నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్ని తీసుకోవాల్సిందే. ఫోన్ ద్వారా, మెయిల్ ద్వారా పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లోగా వచ్చి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో తీసుకోకపోతే ఫిర్యాదును రాతపూర్వకంగా పోస్టులో పై అధికారికి పంపవచ్చు. అప్పటికీ కదలకపోతే మెజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఠాణాకు వెళ్లినవాళ్లు ఎఫ్ఐఆర్ నకలు చేతికి తీసుకోకుండా ఇంటికి తిరిగి రావద్దు.